ఢిల్లీ లేఖ: డెసిబెల్‌లో దాగిన మనిషి

2016 డిసెంబరులో పార్లమెంటు శీతాకాల సమావేశాలు పెద్దనోట్ల రద్దుపై చెలరేగిన గందరగోళంలోనే ముగిసిపోయాయి. ఆ కోలాహలం మధ్య ఉభయసభలూ పక్షభేదాలు మరచి ఆమోదించిన బిల్లు ఒకటున్నది. వికలాంగుల హక్కుల బిల్లును ఆ నెల 14వ తేదీన రాజ్యసభ, 16వ తేదీన లోక్‌సభ ఆమోదించాయి. ఆ వార్త పంపేముందు బిల్లు చివరనున్న షెడ్యూలు చదువుతూ ఒక నిర్వచనం దగ్గర ఆగాను. రెండు చెవులలోనూ, మాట పలికే స్వరాల పరిధిలో, 70 డెసిబెళ్ళ మేరకు వినికిడి కోల్పోయినవారు బధిరులు. 60 నుంచి 70 డెసిబెళ్ళ మేరకు కోల్పోయినవారు వినికిడి మందగించినవారు. ధ్రువపత్రం, ఉద్యోగంలో రిజర్వేషన్, పింఛను, ప్రయాణ రాయితీ అన్నీ ఆ అంకె మీదనే ఆధారపడి ఉంటాయి. 60కీ 70కీ మధ్య తేడా పదే కదా అనిపించవచ్చు. కాని ఈ కొలమానంలో పది మెట్లు పైకెక్కితే శబ్దశక్తి పది రెట్లవుతుంది.

డెసిబెల్ అంటే బెల్‌లో పదవ వంతు. ఆ బెల్ ఒక మనిషి పేరు. ఆయన మరణించిన తరువాత, 1920లలో, టెలిఫోన్ ఇంజనీర్లు శబ్దాన్ని కొలిచే ప్రమాణానికి ఆయన పేరు పెట్టారు. అలెగ్జాండర్ గ్రాహం బెల్ టెలిఫోన్ కనిపెట్టిన మహాశయుడని మన బడిపిల్లలందరికీ తెలుసు. అయితే వృత్తిరీత్యా ఆయన బధిరుల ఉపాధ్యాయుడని, చివరివరకు తనను తాను అలాగే చెప్పుకున్నాడని తెలిసినవారు తక్కువ. బధిరులలో చాలామంది ఆయనను తమ జాతికి హాని తలపెట్టినవాడుగా తలుస్తారని తెలిసినవారు మరీ తక్కువ.

ఇప్పుడీ చరిత్ర ఎందుకని పాఠకులు అడగవచ్చు. ఇంటర్మీడియట్ ముగించిన మన పిల్లలు కొందరు ఇటీవల ఆడియాలజీ, స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ పట్టభద్ర కోర్సులో చేరుతున్నారు. మూడేళ్ళ చదువు, ఒక ఏడాది ఆచరణాత్మక శిక్షణ, వెరసి నాలుగేళ్ళు. మా మిత్రుని కుమార్తె ఆ కోర్సులో చేరుతూ, ముందుగా ఎవరి జీవితం చదవమంటారని నన్నడిగింది. నేను బెల్ పేరు చెప్పాను. ఆదర్శంగా తీసుకొమ్మని కాదు. ఆ శాస్త్రం సాధించగలిగినదంతా ఆ ఒక్క జీవితంలో ఉన్నది. అది చేయగల కీడు కూడా అక్కడే ఉన్నది.

బెల్ 1847 మార్చి 3వ తేదీన స్కాట్లండులోని ఎడింబరోలో జన్మించారు. మాట ఆ ఇంటి కులవృత్తి వంటిది. తాతగారు లండనులో ఉచ్చారణ నేర్పేవారు. తండ్రి అలెగ్జాండర్ మెల్విల్ బెల్ ఎడింబరోలో అదే పని చేసేవారు. తల్లి ఎలైజా చిత్రకారిణి, పియానో వాయించడంలో దిట్ట. ఆమెకు వినికిడి చాలావరకు పోయింది. తక్కినవారు ఆమె చెవి గొట్టంలోకి గట్టిగా మాట్లాడుతుంటే, ఈ కుర్రవాడు ఆమె నుదుటికి దగ్గరగా నోరుపెట్టి మంద్రస్వరంలో మాట్లాడేవాడు. ఇంట్లో నలుగురు కూర్చుని మాట్లాడుకునేటప్పుడు తల్లి పక్కన చేరి, ఆ సంభాషణనంతా వేళ్ళతో అక్షరాలు చూపి ఆమెకు తెలియజేసేవాడు. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. బెల్ బధిరులతో మొట్టమొదట మాట్లాడింది చేతులతోనే.

తండ్రి కనిపెట్టిన దృశ్యవాక్కు అనే లిపి ఆ రోజుల్లో విద్వాంసులను ఆశ్చర్యపరిచింది. ఏ ధ్వనిని పలకాలన్నా నాలుక ఎక్కడ ఉండాలి, పెదవులు ఎలా ఉండాలి, కంఠం ఏంచేయాలి అన్నది సూచించే గుర్తులు అవి. కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు అంటూ పుట్టుకచోటును బట్టి అక్షరాలను వరుసకట్టిన మన వర్ణమాల తెలిసినవారికి ఇది కొత్త ఆలోచనగా తోచదు. తండ్రి సభలు ఏర్పాటుచేసి, కొడుకును బయటికి పంపి, సభికులు పలికిన వింత ధ్వనులను ఈ గుర్తులతో రాసేవారు. కొడుకు తిరిగి వచ్చి, ఆ ధ్వనులను ముందు వినకపోయినా, గుర్తులు చూసి యథాతథంగా పలికేవాడు. ఒకసారి సంస్కృతంలోని మూర్ధన్య టకారాన్ని అలా మొదటి ప్రయత్నంలోనే పలికినట్టు బెల్ తరువాతి కాలంలో గుర్తుచేసుకున్నారు. ఇంగ్లీషువారి నాలుక తిరగని ఆ అక్షరం మన పసిపిల్లలకు నల్లేరుమీద బండినడక.

ఆయన చదువు మాత్రం వరుసగా సాగలేదు. పదిహేనో ఏట బడి వదిలి, లండనులో తాతగారి దగ్గర ఒక సంవత్సరం గడిపారు. పదహారో ఏట ఎల్గిన్ పట్టణంలో ఒకవైపు చదువుకుంటూ మరొకవైపు పాఠాలు చెప్పారు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో కొంతకాలం, తరువాత లండనులోని యూనివర్సిటీ కాలేజీలో కొంతకాలం చదివారు. శరీరనిర్మాణ శాస్త్రం, శరీరధర్మ శాస్త్రం అక్కడే నేర్చుకున్నారు. 1868లో, 21వ ఏట, లండనులో సుసన్నా హల్ నడిపే చిన్న పాఠశాలలో బధిర బాలలకు తండ్రి లిపి సాయంతో మాటలు నేర్పడం మొదలుపెట్టారు. ఇంతలో క్షయవ్యాధి ఆ ఇంటిని కబళించసాగింది. 1867లో తమ్ముడు, 1870లో అన్న మరణించారు. మిగిలిన ఒక్క కొడుకునైనా దక్కించుకోవాలని తల్లిదండ్రులు 1870లో కెనడాకు వలస వెళ్ళారు. బెల్ పట్టా పుచ్చుకోకుండానే ఓడ ఎక్కారు. ధ్వనిశాస్త్రం, ఉచ్చారణశాస్త్రం, చెవి నిర్మాణం, పిల్లలకు భాష నేర్పే విధానం ఇవన్నీ నేడు ఆ పట్టభద్ర కోర్సులో పాఠ్యాంశాలు. ఆనాడు వాటినన్నిటినీ కలిపి ఒక డిగ్రీగా ఇచ్చే విద్యాలయం లేదు. ఇంట్లో, బడిలో, పుస్తకాలలో, తల్లి నుదుటి దగ్గర ఆయన వాటిని ఏరుకున్నారు.

1871లో ఆయన అమెరికాలోని బోస్టనులో బధిర పాఠశాల ఉపాధ్యాయులకు తండ్రి పద్ధతిని నేర్పడానికి వెళ్ళారు. మరుసటి ఏడు సొంతంగా ఒక శిక్షణాలయం తెరిచారు. 1873లో బోస్టన్ విశ్వవిద్యాలయం ఆయనను వాగింద్రియ శాస్త్రానికి, ఉచ్చారణకు ఆచార్యునిగా నియమించింది. పగలు పాఠాలు, రాత్రి ప్రయోగాలు. పలికిన మాట తాలూకు ఆకృతిని బధిర బాలలకు కంటికి చూపగలిగితే వారు దానిని అనుకరించగలరన్నది ఆయన ఆలోచన. 1874 వేసవిలో, ఒక చెవివైద్య మిత్రుడు సంపాదించి ఇచ్చిన మృతుని చెవిని ఒక చట్రానికి అమర్చి, దాని కర్ణభేరికి గడ్డిపరక తగిలించి, మసిపూసిన గాజుపలకపై ధ్వని తరంగాలను గీయించారు. అంత పలుచని పొర అంత బరువైన ఎముకలను కదిలించగా లేనిది, కాస్త పెద్ద పొర ఒక ఇనుప రేకును కదిలించలేదా అన్న ప్రశ్న అక్కడే పుట్టింది. ఆ ప్రశ్నకు సమాధానమే టెలిఫోన్. 1876 మార్చి 7వ తేదీన పేటెంటు వచ్చింది. మూడు రోజుల తరువాత తీగమీదుగా మొదటి మాట అవతలి గదిలోని సహాయకునికి స్పష్టంగా చేరింది. అంటే, బధిరులకు మాటను చూపించబోయి వినగలిగినవారికి దూరశ్రవణం కల్పించారన్నమాట. ఆ యంత్రం వల్ల బధిరులకు ఒనగూడిన మేలు మాత్రం లేదు. పైగా చాలా కాలంపాటు అది వారికి మూసిన తలుపు అయింది.

ఆయన శిష్యురాళ్ళలో మేబెల్ హబ్బర్డ్ ఒకరు. ఐదో ఏట స్కార్లెట్ జ్వరం వచ్చి ఆమె వినికిడి పూర్తిగా పోయింది. ఆమె తండ్రి గార్డినర్ హబ్బర్డ్ సంపన్నుడైన న్యాయవాది, మాటల ద్వారానే బోధించాలనే క్లార్క్ పాఠశాలకు మొదటి అధ్యక్షుడు, బెల్ ప్రయోగాలకు పెట్టుబడిదారు. 1877 జూలైలో బెల్ ఆమెను వివాహమాడారు. టెలిఫోన్ కంపెనీలోని తన వాటాలలో పది మాత్రం ఉంచుకుని తక్కినవన్నీ ఆమెకు పెళ్ళికానుకగా ఇచ్చారు. మేబెల్ పెదవుల కదలిక చూసి మాట గ్రహించేది, మాట్లాడేది. భాష వచ్చిన తరువాత వినికిడి పోయిన ఆమెకు అది సాధ్యమైంది. అసలు వినకుండా పుట్టిన పిల్లల సంగతి వేరు. ఈ తేడాకు బెల్ ఇవ్వవలసినంత విలువ ఇవ్వలేదని నా అభిప్రాయం.

1880లో ఫ్రెంచి ప్రభుత్వం ఆయనకు 50,000 ఫ్రాంకుల వోల్టా బహుమతి ఇచ్చింది. ఆ ధనంతో వాషింగ్టనులో ప్రయోగశాల పెట్టారు. వినికిడిని అంకెలలో కొలిచే ఆడియోమీటరును రూపొందించారు. నేడు ప్రతి వినికిడి పరీక్షకూ అటువంటి పరికరమే ఆధారం. 1886లో అలబామా నుంచి ఒక తండ్రి చూపూ వినికిడీ లేని ఆరేళ్ళ కూతురిని వెంటబెట్టుకుని ఆయన దగ్గరకు వచ్చాడు. బెల్ చూపిన దారినే ఆ కుటుంబానికి యాన్ సల్లివాన్ అనే ఉపాధ్యాయిని లభించింది. ఆ పసిపిల్లే హెలెన్ కెల్లర్. 1903లో తన ఆత్మకథను ఆమె బెల్‌కే అంకితమిచ్చింది. 1955లో ఆమె భారతదేశానికి వచ్చింది. విశేషమేమంటే, ఆ బాలిక మనసు తెరిచింది అరచేతిలో వేళ్ళతో రాసిన అక్షరాలు.

ఇంతవరకు చెప్పినది బెల్ కీర్తి. ఇక రెండవ పక్షం చెప్పాలి. 1880 సెప్టెంబరులో ఇటలీలోని మిలాన్ నగరంలో బధిర విద్యావేత్తల అంతర్జాతీయ మహాసభ జరిగింది. బధిర బాలలకు మాటల ద్వారానే బోధించాలని, సంజ్ఞలను బహిష్కరించాలని ఆ సభ తీర్మానించింది. బెల్ ఆ సభకు వెళ్ళలేదు. కాని ఆ సిద్ధాంతానికి అమెరికాలో ఆయనను మించిన వాది లేడు. డబ్బు, పలుకుబడి, ప్రపంచఖ్యాతి ఆయన వెనుక ఉన్నాయి. 1883లో అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తు ముందు ఆయన ఒక పత్రం చదివారు. బధిరులు బధిరులనే పెళ్ళాడుతూ పోతే మానవజాతిలో బధిరశాఖ ఒకటి ఏర్పడుతుందని అందులో భయపడ్డారు. అటువంటి వివాహాలను శాసనంతో నిషేధించాలని ఆయన కోరలేదు, అది న్యాయం. కాని వారిని ఒకచోట చేర్చే వసతి పాఠశాలలు, బధిరులైన ఉపాధ్యాయులు, సంజ్ఞా భాష, ఈ మూడూ తొలగాలని కోరారు. జీవితం చివరిదశలో, 1921లో, సంతానశుద్ధివాదుల అంతర్జాతీయ మహాసభకు గౌరవాధ్యక్షులుగా ఉన్నారు. ఆ వాదం తరువాత ఏ దేశంలో ఏ దారుణాలకు దారితీసిందో చదువరులకు వేరే చెప్పనక్కరలేదు.

ఆయనకు సాటివచ్చిన ప్రత్యర్థి ఎడ్వర్డ్ మైనర్ గాలడెట్. విచిత్రమేమిటంటే, ఆయన తల్లి కూడా బధిరురాలే. తల్లి బధిరత నుంచి ఒకరు మాట నేర్పాలన్న పాఠం తీసుకున్నారు. మరొకరు చేతుల భాషను గౌరవించాలన్న పాఠం తీసుకున్నారు. గాలడెట్ వాషింగ్టనులో బధిరుల కళాశాల నడిపేవారు. పట్టాలిచ్చే అధికారం దానికి 1864లో అధ్యక్షుడు లింకన్ సంతకంతో వచ్చింది. 1880లో ఆ కళాశాలే బెల్‌కు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1891లో గాలడెట్ అక్కడ ఉపాధ్యాయ శిక్షణ శాఖ పెడతాననగా, బధిరులే బధిరులకు ఉపాధ్యాయులవుతారన్న శంకతో బెల్ అమెరికా కాంగ్రెసు సంఘాల ముందు ఎదురు నిలిచారు. చట్టసభల కారిడార్లలో ముప్ఫై ఏళ్ళుగా తిరుగుతున్న నాకు ఈ ఘట్టం కొత్తగా అనిపించలేదు. నిపుణులిద్దరు తగవులాడారు. ఎవరి బ్రతుకు గురించి తగవో వారిని అడిగినవారు అరుదు.

బెల్ వ్యతిరేకించినా ఆ శాఖ ఆ ఏడే తెరుచుకున్నది. ఇక్కడ మన దేశానికొక సంబంధం ఉన్నది. 1893లో మొదలైన కలకత్తా బధిర పాఠశాల ఆద్యులలో ఒకరైన జామినీనాథ్ బెనర్జీ ఆ దశాబ్దం మధ్యలో సముద్రాలు దాటి వెళ్ళి ఆ శాఖలోనే శిక్షణ పొందారు. అయినా మన దేశంలో దశాబ్దాలపాటు బెల్ పక్షానిదే పైచేయి అయింది. తరగతిలో మాట పలికించడమే చదువు అయింది. పిల్లలు విశ్రాంతివేళల్లో, వసతిగృహాలలో తమలో తాము చేతులతో మాట్లాడుకుని ఆ భాషను బ్రతికించుకున్నారు.

బెల్ 1922 ఆగస్టు 2వ తేదీన కెనడాలోని నోవా స్కోషియాలో, తాను కట్టుకున్న కొండమీది ఇంట్లో, మరణించారు. అంత్యక్రియల వేళ ఉత్తర అమెరికా అంతటా టెలిఫోన్లు ఒక నిమిషం మూగవోయాయి. నిశ్శబ్దంతో జీవితాంతం పోరాడిన మనిషికి నిశ్శబ్దంతోనే వీడ్కోలు చెప్పారు.

ఆయన వాదాన్ని శాస్త్రమే తరువాత తోసిపుచ్చింది. బధిర బాలలలో అత్యధికులు వినికిడి ఉన్న తల్లిదండ్రులకే పుడతారు. 1960లో విలియం స్టోకో అనే ఆచార్యుడు, గాలడెట్ కళాశాలలోనే పనిచేస్తూ, చేతుల భాషకు సొంత నిర్మాణం ఉన్నదని, అది మాటలకు అరకొర నకలు కాదని నిరూపించారు. 2010లో కెనడాలోని వాంకూవరులో సమావేశమైన బధిర విద్యావేత్తల మహాసభ మిలాన్ తీర్మానాలను తిరస్కరించి, వాటి ఫలితాలకు విచారం ప్రకటించింది. పొరపాటని ఒప్పుకోవడానికి 130 ఏళ్ళు పట్టింది. ఆ మధ్యలో బడికి వెళ్ళిన పిల్లల చిన్నతనాన్ని ఏ తీర్మానం తిరిగి తెచ్చి ఇవ్వగలదు?

మన దేశంలో ఈ విద్య ఆలస్యంగానే వచ్చింది. 1965లో మైసూరులో అఖిలభారత వాక్ శ్రవణ సంస్థ ఏర్పడింది. 1983లో బొంబాయిలో కేంద్రప్రభుత్వం నెలకొల్పిన జాతీయ సంస్థకు అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. హైదరాబాదులో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా పనిచేసి, మహారాష్ట్ర గవర్నరుగా ఉండగా మరణించినవారాయన. ఆ సంస్థకు సికిందరాబాదులో ప్రాంతీయ కేంద్రం కూడా ఏర్పడింది. 1992లో పార్లమెంటు చేసిన పునరావాస మండలి చట్టం ఈ వృత్తికి నియమాలు కూర్చింది. 2011 జనగణన ప్రకారం వినికిడి లోపం ఉన్నవారు 50 లక్షలకు పైబడినారు, మాట లోపం ఉన్నవారు దాదాపు 20 లక్షలు. ఇంతమందికి ఈ పట్టభద్రులు ఎంత అవసరమో వేరే చెప్పాలా? 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద మన పసిపిల్లలకు చెవిలో కాక్లియర్ పరికరం అమర్చే ఖరీదైన శస్త్రచికిత్సలు ఉచితంగా జరిగాయి. శస్త్రచికిత్స కొన్ని గంటల పని. ఆ తరువాత ధ్వనిని మాటగా గుర్తించడం నేర్పేది ఏళ్ళ పని. సర్జను చేయి ఆగిన చోట ఈ పట్టభద్రుల పని మొదలవుతుంది. బెల్ లండనులో, బోస్టనులో ఓపికగా చేసిన పని అదే. దానిని ఎవరూ తక్కువ చేయరాదు.

కాని ఆ చదువు చదివేవారు ఒక హద్దును ఎరిగి ఉండాలి. పరికరం చూపే అంకె బిడ్డకు ఎంత వినిపిస్తుందో చెబుతుంది. ఆ బిడ్డకు ఏ భాష కావాలో చెప్పదు. తొలి ఐదేళ్ళలో భాష ఏదీ అందకపోతే బిడ్డ ఆలోచనే కుంటుపడుతుంది. మాట వచ్చేదాకా చేతులు కట్టివేయడం ఆకలిగొన్నవానికి విందు సిద్ధమయ్యేదాకా గంజి కూడా పోయకపోవడం వంటిది. బెల్ తప్పు మాట నేర్పడంలో లేదు. మాట తప్ప మరొకటి ఉండరాదనడంలో, బధిరులను సంప్రదించకుండా వారి తరఫున తాను నిర్ణయించడంలో ఉన్నది.

మన 2016 చట్టం ఈ ఇద్దరు ప్రత్యర్థులనూ ఒకే కాగితం మీదకు తెచ్చింది. షెడ్యూలులో బెల్ పేరిట కొలత ఉన్నది. 17వ సెక్షనులో గాలడెట్ పక్షం ఉన్నది. సంజ్ఞా భాష వచ్చిన ఉపాధ్యాయులను, వికలాంగులైన ఉపాధ్యాయులతో సహా, శిక్షణనిచ్చి నియమించవలసిన బాధ్యతను ఆ సెక్షను ప్రభుత్వాలపై పెట్టింది. అమెరికా కాంగ్రెసులో బెల్ వద్దన్నదానినే భారత పార్లమెంటు విధిగా చేయాలన్నది. 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడింది. 2021 నాటికి దాని నిఘంటువులో పదాలు 10,000కు చేరాయి. 2020 జాతీయ విద్యావిధానం దేశమంతటా ఆ భాషకు ప్రామాణిక రూపం కల్పించాలన్నది. కాగితం మీద ఇదంతా శుభమే.

అయితే షెడ్యూలు అమలైనంత చురుకుగా సెక్షన్లు అమలుకావన్నది ఈ రాజధానిలో నేను నేర్చుకున్న పాఠం. కొలవడం సులువు, నియామకం కష్టం. డెసిబెళ్ళు కొలిచి ధ్రువపత్రాలు ఇచ్చే ఆసుపత్రులు ఉన్నాయి. బధిరుడైన ఉపాధ్యాయుడు బధిర బాలల ముందు నిలబడి పాఠం చెప్పే తరగతి గదులు మన రెండు తెలుగు రాష్ట్రాలలో ఎన్ని ఉన్నాయి? 17వ సెక్షను కింద ఎందరిని నియమించారు, ఎంత ఖర్చుచేశారు? మన లోక్‌సభ సభ్యులు, రాజ్యసభ సభ్యులు ఏ పార్టీవారైనా సరే, ప్రశ్నోత్తరాల సమయంలో ఈ ఒక్క ప్రశ్న వేయాలి. జవాబు అంకెలలోనే వస్తుంది. డెసిబెళ్ళలో కాదు, మనుషులలో రావాలి.